మాస్టారూ, ఆగండి

మా కుక్క పేరు మాస్టారు. ఆ పేరు పెట్టింది మా ఆయన పద్మనాభం. కుక్కల షెల్టర్ నుంచి ఇంటికి తెచ్చిన రోజున అది వంటింటి గుమ్మంలో ముందుకాళ్ళు రెండూ దగ్గరగా పెట్టుకుని కూర్చుంది. కళ్ళజోడు పైనుంచి చూసినట్టు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అచ్చం మా హైస్కూలు లెక్కల మాస్టారే. నేను హోంవర్క్ చేయలేదని తెలిసిపోయినట్టుంది" అన్నాడు పద్మనాభం. మాస్టారిని ఏకవచనంలో పిలిస్తే బాగుండదని మర్నాటి నుంచి మొదలుపెట్టాడు. మాస్టారూ, రండి. మాస్టారూ, కూర్చోండి. మాస్టారూ, ఆగండి. నవ్వులాటకి మొదలైనది అలవాటైపోయింది. రెండేళ్ళు తిరిగేసరికి ఆ కుక్కకి 'రా' అంటే తెలియదు, 'కమ్' అంటే అసలే తెలియదు. చివర 'అండి' లేకపోతే చెవి కూడా కదపరు.

ఇలా రాస్తున్నప్పుడు కూడా నా చేతికి బహువచనమే వస్తోంది. ఉండనిస్తాను.

పద్మనాభం ఫిబ్రవరిలో పోయాడు. డ్రైవ్‌వేలో మంచు తీస్తూ పడిపోయాడు. మంచులో గుచ్చిన పార నిలబడే ఉంది. నేనప్పుడు స్కూల్లో ఆరో తరగతి పిల్లలకి భిన్నాల భాగహారం చెబుతున్నాను.

మాకు పిల్లలు లేరు. ఈ ఊళ్ళో మా మనుషులంటే రెండు ఇళ్ళు. ఒకటి ఉమాకాంత్, శ్రీవల్లి. రెండోది తేజేశ్వర్, గీతాంజలి, వాళ్ళ ఎనిమిదేళ్ళ పాప అన్విత. శ్రీవల్లి పద్మనాభాన్ని అన్నయ్యగారూ అని, నన్ను వదినా అని పిలిచేది. ఆ వరసన ఉమాకాంత్‌కి నేను చెల్లెమ్మగారిని. మా ఇంటి తాళంచెవి ఒకటి వాళ్ళ దగ్గర, వాళ్ళది ఒకటి మా దగ్గర పదకొండేళ్ళుగా ఉండేవి. ఫిబ్రవరి తర్వాత నాకు మిగిలినవి ఆ రెండు ఇళ్ళే. వాటిని పోగొట్టుకోకూడదని ఆ వేసవంతా నాకు చాలా భయంగా ఉండేది. అందుకే చూడవలసినవి కొన్ని ఆలస్యంగా చూశాను.

ఆ నెలల్లో ఉమాకాంత్ చేసిన సాయం చిన్నది కాదు. ఫ్యూనరల్ హోమ్‌తో మాట్లాడింది అతనే. పురోహితుణ్ణి బఫెలో నుంచి పిలిపించింది అతనే. ఏప్రిల్‌లో గడ్డి కోసింది, చూరు గటర్లు శుభ్రం చేసింది, నా కారుకి టైర్లు మార్పించింది కూడా అతనే. సాయంత్రం అతని కారు చప్పుడు వినిపిస్తే నాకు ప్రాణం లేచొచ్చేది. ఒకరోజు అతను రాకపోతే కిటికీ దగ్గర రెండుసార్లు నిలబడ్డాను. ఇది రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

మా ఊరు రాచెస్టర్ పక్కన ఫెయిర్‌పోర్ట్. ఈరీ కాలువ ఊరి నడుమ నుంచి పోతుంది. చలికాలంలో నీళ్ళు తీసేస్తారు, వసంతంలో మళ్ళీ వదులుతారు. ఆ ఏడు నీళ్ళు వదిలిన వారం నేనూ మాస్టారూ ఒడ్డున నిలబడి చూశాం. గోధుమరంగు నురగ, దానిమీద తేలుతున్న సీసాలు, ఒక చెప్పు. పద్మనాభానిది గోదావరి కాలవల దేశం. కాలవకి నీళ్ళొచ్చిన రోజు అతను ఆఫీస్‌కి సెలవు పెట్టేవాడు. ప్రతి జులైలో మూడు కుటుంబాలకీ కలిపి ఒక రోజు పొడుగు పడవ బుక్ చేసేవాడు. పడవల్ని దించే, ఎత్తే నీటి తలుపుల్ని ఇక్కడివాళ్ళు లాక్స్ అంటే అతను లాకులు అనేవాడు. "మా ఊరి లాకుల దగ్గర మిరపకాయ బజ్జీలు దొరుకుతాయి, ఇక్కడ అదొక్కటే లోటు" అని ప్రతిసారీ అనేవాడు.

జూన్ మొదటి వారంలో ఒకరోజు స్కూలు నుంచి వచ్చేసరికి వంటింటి సింకులో పద్మనాభం కప్పు ఉంది. నీలం కప్పు. ఫిబ్రవరి నుంచి దాన్ని అరలోంచి ఎవరూ దించలేదు, నేను కూడా. అడుగున టీ ఎండి గోధుమరంగు వలయం కట్టింది. అంచున పెదవి మరక. సోఫాలో పద్మనాభం కూర్చునే మూల దిండు నొక్కుకుపోయి ఉంది. మాస్టారు నా వంక చూడకుండా బల్ల కింద పడుకుని ఉన్నారు.

ఉమాకాంత్‌కి ఫోన్ చేశాను.

"ఆఁ, నేనే చెల్లెమ్మగారూ. వర్క్ ఫ్రమ్ హోమ్ కదా, మాస్టారిని కాస్త తిప్పుదామని వచ్చాను. రానన్నాడు వెధవ. సరే, ఒక టీ పెట్టుకుని తాగి కూర్చున్నాను. మన ఇల్లే కదా."

"చెప్పి రండి అన్నయ్యగారూ."

"అయ్యో, మీకెందుకు శ్రమ అని."

కప్పుని మూడుసార్లు తోమాను. నాలుగోసారి తోమబోయి, చెత్తబుట్టలో వేశాను. చెత్త తీసుకుపోయేది గురువారం. రెండు రోజులు అది ఇంట్లోనే ఉందన్న సంగతి నాకు తెలుస్తూనే ఉంది.

ఆ సాయంత్రం శ్రీవల్లితో మామూలుగా అన్నట్టు అన్నాను, మీ ఆయన వచ్చి టీ తాగి వెళ్ళారటే అని. ఆమె వెంటనే మాట మార్చింది. "వదినా, జులై ట్రిప్ ఈసారి కూడా వెళ్దాం. అన్నయ్యగారికి ఇష్టమైన ట్రిప్. నువ్వు రానంటే ఊరుకోను" అంది.

నేను రానన్నాను. గీతాంజలితో చెప్పించింది. అన్వితతో చెప్పించింది. ఆదివారాలు గుడిలో నేను చెప్పే తెలుగు క్లాసుకి అన్విత వస్తుంది. "టీచర్ ఆంటీ, మీరు వస్తావా? ప్లీజ్ రండి" అంది. మీరు వస్తారా అని దిద్ది, వస్తాను అన్నాను.

పడవ ఇనుపది. రైలుపెట్టెని సన్నగా నొక్కి నీళ్ళలో పెట్టినట్టుంటుంది. ముందు నలుగురు కూర్చునే చోటు, మధ్యన వంటగది, బల్లలు, వెనకాల నిలబడి చుక్కాని పట్టుకునే చోటు. ఉదయం తొమ్మిదికల్లా బయల్దేరాం. చుక్కాని తేజేశ్వర్ పట్టుకున్నాడు. పది నిమిషాల్లో రెండుసార్లు ఒడ్డుకి కొట్టాడు.

"గిదేందన్నా, ఎడమకి నూకితే కుడికి పోతది? అచ్చం మా మేనేజర్ లెక్కనే ఉంది."

"నీ స్పీడ్‌కి వెనకాల తాబేలు హారన్ కొడుతోందయ్యా" అన్నాడు ఉమాకాంత్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఉమాకాంత్ వాళ్ళ కుక్క జింజర్. ఎర్రటి ఉంగరాల జుట్టు, ఎవరు పిలిచినా పోతుంది. మాస్టారు దానికి దూరంగా, పడవ ముందుభాగంలో నా కాళ్ళ దగ్గర కూర్చున్నారు. అన్విత వచ్చి ముందర నిలబడింది.

"మాస్టారూ, కూచో!"

మాస్టారు అవతలి ఒడ్డు చూశారు.

"ఆంటీ, నా మాట వినడు."

"నువ్వు ఆయన్ని ఎలా పిలిచావు?"

అన్విత నాలుక కరుచుకుంది. "కూచోండి!" అంది. మాస్టారు అప్పటికే కూర్చుని ఉన్నారు కాబట్టి తోక ఒకసారి ఆడించి ఊరుకున్నారు. "మరి ఆంటీ, మీరు ఎప్పుడు నువ్వు అవుతుంది?" అని అడిగింది. ప్రశ్న అర్థమయ్యేసరికి కాస్త సమయం పట్టింది.

"ఆ మనిషి ఒప్పుకున్నప్పుడు" అన్నాను.

నన్ను నువ్వు అన్న మగవాడు ఈ ఊళ్ళో పద్మనాభం ఒక్కడే.

పదకొండింటికి ఒక పార్కు దగ్గర ఆపాం. జింజర్ గడ్డిలోకి దూకింది. తిరిగి వచ్చేసరికి ఒళ్ళంతా కుళ్ళిన చేప. ఎక్కడో ఒడ్డున చచ్చిపడిన చేపమీద పొర్లింది. శ్రీవల్లి బక్కెట్లతో కాలవ నీళ్ళు తోడి కడిగింది, డిష్‌వాష్ లిక్విడ్ పోసి కడిగింది. కుక్క విదిలించుకుంటే ఆ నీళ్ళు నా చీరమీదా పడ్డాయి. పడవ కదిలాక ఆ కంపు మాతోపాటు లోపలికి వచ్చి కూర్చుంది.

వంటగదిలో నేనూ శ్రీవల్లీ పులిహోర ప్లేట్లలో సర్దుతున్నాం. నేను చేసి తెచ్చిన సున్నుండల స్టీలు డబ్బా పక్కన పెట్టాను.

"పోలేదు కదూ వాసన?" అంది.

"పోలేదు."

"కాసేపు ఉంటే అలవాటైపోతుందిలే వదినా." పులిహోరలో గరిటె తిప్పుతూ, తలెత్తకుండా, "ఆయన గురించి నువ్వు ఏమీ అనుకోకు. కలుపుగోలు మనిషి. అందరితోనూ అంతే" అంది.

"నేనేమీ అనలేదే."

"అనలేదులే. ఊరికే చెప్తున్నా."

ఎందుకు చెబుతున్నావని అడగవలసింది. క్లాసులో ఒక పిల్ల అడగకుండానే 'నేను కాపీ కొట్టలేదు టీచర్' అంటే నేను వెంటనే ఆ కాగితం చూస్తాను. ఆ రోజు చూడలేదు. డబ్బా అక్కడే వదిలేసి, పడవ ముందుకి వెళ్ళిపోయాను.

లాకు దగ్గరికి చేరాం. పడవ లోపలికి వెళ్ళాక వెనక తలుపులు మూసుకుంటాయి. నీళ్ళు మెల్లగా కిందికి దిగుతాయి, వాటితోపాటు పడవా దిగుతుంది. గోడలకి వేలాడే తాళ్ళు ఉంటాయి. ముందొకరు, వెనకొకరు వాటిని పట్టుకుని, పడవ దిగేకొద్దీ చేతిలోంచి జారనివ్వాలి. కట్టేయకూడదు. కట్టేస్తే పడవ గోడకి వేలాడుతుంది. ముందు తాడు ఎప్పుడూ పద్మనాభం పట్టుకునేవాడు. ఈసారి నేను పట్టుకుంటానన్నాను. వెనక తాడు గీతాంజలి తీసుకుంది.

గ్లవ్స్ వేసుకున్నా ఆ తాడు పట్టుకోవడం తేలిక కాదు. ఏళ్ళ తరబడి నీళ్ళలో నాని పచ్చగా, జిగటగా, ఏదో బతికున్నదాన్ని పట్టుకున్నట్టుంటుంది. నీళ్ళు దిగుతున్నాయి. గోడలు నల్లగా, కారుతూ పైకి లేస్తున్నాయి. గోడలకి అంటుకున్న గుల్లలు, నాచు, బురద కంపు. పైన ఆకాశం ఒక పలకంత మిగిలింది.

ఉమాకాంత్ వంటగదిలోంచి ముందుకి వచ్చాడు. నా వెనకాల నిలబడ్డాడు.

"రాధా."

ఇంకెవరినో పిలిచాడనుకున్నాను. పదకొండేళ్ళ చెల్లెమ్మగారు రెండక్షరాలైపోయింది.

"ఎందుకన్నీ నువ్వొక్కదానివే మోస్తావు? వదులు. నేను పట్టుకుంటా."

తాడు మీద ఉన్న నా చేతిమీద చెయ్యి వేశాడు. రెండో చెయ్యి నా నడుం మీద పెట్టాడు. తడబడి ఆనిన చెయ్యి కాదు. చాలాకాలంగా అక్కడ పెట్టాలని అనుకున్న చెయ్యి. గ్లవ్ లోపల నాచునీళ్ళు నా అరచేతిలోకి దిగాయి. సోఫాలో నొక్కుకుపోయిన దిండు, కప్పు అంచు మీది మరక, కిటికీ దగ్గర నేను నిలబడిన రెండుసార్లూ ఒక్కసారే గుర్తొచ్చాయి. రోత పుట్టింది. ఆ మాట నేను పిల్లల దగ్గర ఎప్పుడూ వాడను. ఇక్కడ దానికి బదులు ఇంకో మాట లేదు.

"ఆగండి" అన్నాను.

నేను గొంతు పెంచలేదు. మాస్టారితో రోడ్డు దాటేటప్పుడు అనే గొంతుతోనే అన్నాను, అనుకోకుండానే. గోడ వాసన చూస్తున్న మాస్టారు ఒక కాలు గాల్లో ఉండగానే ఆగిపోయారు. ఉమాకాంత్ చేతులు కూడా గాల్లోకి లేచి అక్కడే ఆగిపోయాయి.

"కూర్చోండి."

మాస్టారు కూర్చున్నారు. ఎవరితో అన్నానో తెలియక ఉమాకాంత్ కూడా పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాడు.

వంటగది గుమ్మంలో అన్విత చప్పట్లు కొట్టింది. "మాస్టారు కూచున్నారు, అంకుల్ కూడా కూచున్నారు! డాడీ, అంకుల్‌కి కూడా వచ్చేసింది!"

వెనకనుంచి తేజేశ్వర్ నవ్వు వినిపించింది. ఉమాకాంత్ కూడా నవ్వాడు. "టీచర్ కదమ్మా, భయం" అన్నాడు. ముఖం మాత్రం ఎర్రబడింది.

అన్విత వెనకాల శ్రీవల్లి నిలబడి ఉంది, చేతిలో కాగితం ప్లేట్లతో. ఆమె ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు. నవ్వలేదు. నన్ను చూసింది, బెంచీ మీద కూర్చున్న భర్తని చూసింది.

"ప్లేట్లు ఎన్ని కావాలి?" అంది.

ముందు తలుపులు తెరుచుకున్నాయి. తాడు వదిలేశాను. గ్లవ్స్ తీసి చెత్తసంచిలో వేసి, చేతులు నాలుగుసార్లు కడుక్కున్నాను. ఆ రోజు నేనేమీ తినలేదు. అడిగినవాళ్ళకి చేప వాసన అని చెప్పాను. అది సగం నిజం.

మర్నాడు ఉమాకాంత్‌కి మెసేజ్ పెట్టాను: మా ఇంటి తాళంచెవి ఇచ్చేయండి. రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది: ఎక్కడో పోయింది చెల్లెమ్మగారూ, వెతుకుతాను. మళ్ళీ చెల్లెమ్మగారిని అయ్యాను. ఆ మాటే 'నువ్వు' కన్నా జిగటగా ఉంది. ఆ వారమే తలుపు తాళం మార్పించాను.

ఆగస్టులో గీతాంజలి ఫోన్ చేసింది.

"అక్కా, ఏమనుకోకు. పడవల నువ్వు అందరి ముందట ఉమాకాంత్ అన్నని ఇన్సల్ట్ చేసినవంట. కుక్కతో మాట్లాడినట్టు మాట్లాడినవంట. ఆయన చాలా ఫీలైండు. శ్రీవల్లి చెప్పుకుంట ఏడ్చింది."

"శ్రీవల్లి చెప్పిందా?"

"అవునక్కా. బావ పోయినంక నువ్వు శాన మారినవని అన్నది. మాకు అర్థమైతది, కౌన్సెలింగ్‌కి పో అక్కా. ఆయన నీకు అన్నలాంటోడు."

"లాంటివాడు" అన్నాను.

"ఏందక్కా?"

"ఏమీ లేదు గీతా. 'లాంటి' అనే మాట ఎక్కడ వాడతారో చూస్తున్నాను."

జరిగింది చెప్పాను. నాలుగు వాక్యాల్లో, విశేషణాలు లేకుండా. "నువ్వు పొరపాటు పడ్డవేమో అక్కా, లాకుల పడవ ఊగుతది కదా" అంది చివరికి. లాకులో పడవ ఊగదు. నీళ్ళు దిగేకొద్దీ దిగుతుంది, అంతే.

సెప్టెంబర్‌లో తెలుగు క్లాసుకి అన్విత రాలేదు. దసరాకి ఎవరింటినుంచీ పిలుపు రాలేదు. వాట్సాప్ గ్రూపులో మాటలు ఆగిపోయాయి. నన్ను వదిలేసి ఇంకోటి పెట్టుకుని ఉంటారు. ఆ రెండు ఇళ్ళూ పోతాయని జూన్‌లో భయపడ్డాను. పోయాయి. నేను బతికే ఉన్నాను, స్కూలుకి వెళ్ళి వస్తున్నాను. నాకు రోత తగ్గనిది ఉమాకాంత్ మీద కాదు. అతని చెయ్యి ఎలాంటిదో లాకులోనే తెలిసింది, దానితో సరి. ఏప్రిల్ నెలంతా ఆ కారు చప్పుడు కోసం చెవి పెట్టుకున్న నామీద తగ్గలేదు. అది తగ్గడానికి ఇంకా సమయం పడుతుంది.

నవంబర్ నెలాఖరున కాలవలో నీళ్ళు తీసేశారు. ఒక శనివారం పొద్దున్నే ఒడ్డున నడిచాం. కింద నల్లటి బురద, అందులో దిగబడిన సైకిలు, కుర్చీ, తెల్లపొట్టలు పైకి తిరిగిన చేపలు. జులైలో మేం వీటిమీదే పడవలో పులిహోరతో తిరిగాం. మాస్టారు వాసన చూసి, ముక్కు తిప్పుకుని, ఇంటివైపు లాగారు.

ఇంటికి చేరిన పావుగంటకి తలుపు దగ్గర గంట మోగింది. శ్రీవల్లి. ఒక్కతే వచ్చింది. చేతిలో నా సున్నుండల డబ్బా ఉంది.

"పడవలో మర్చిపోయావు వదినా. ఖాళీది ఇవ్వకూడదని పంచదార పోశాను."

మూత తీశాను. పంచదారలో సగం కూరుకుపోయి మా ఇంటి పాత తాళంచెవి. పద్మనాభం దానికి ఎర్రదారం కట్టాడు, అది కూడా ఉంది.

"ఆయన పోయిందనుకున్నారు" అంది. "పోలేదు. జూన్ నుంచీ నా దగ్గరే ఉంది. నువ్వు కప్పు సంగతి చెప్పిన రోజే ఆయన జేబులోంచి తీసి దాచేశాను. మళ్ళీ ఆయన ఈ ఇంట్లోకి రాకూడదనే తీశాను వదినా. నాకు చేతనైంది అదే. ఒట్టు."

జూన్. అంటే పడవకి నెల ముందు. నువ్వు రానంటే ఊరుకోను అన్నప్పుడు ఆ తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. అలవాటైపోతుందిలే అన్నప్పుడూ ఉంది. గీతాంజలి దగ్గర ఏడ్చినప్పుడూ ఉంది.

ఆమెకి కళ్ళు నిండాయి. నేను జాలిపడడానికి ప్రయత్నించాను. ఆమె చిక్కిపోయింది, కోటు భుజాలమీద వదులుగా ఉంది. ఆ ఇంట్లో ఆమె ఎలా బతుకుతోందో నేను ఊహించగలను. ఊహించాను కూడా. అయినా నా వేళ్ళకి తగిలిన పంచదార జిగటగానే ఉంది.

ఆ తాళంచెవి తెరిచే తలుపు ఇప్పుడు లేదని ఆమెకి చెప్పలేదు. డబ్బా మూత పెట్టాను. చలిగాలి లోపలికి వస్తోంది. గుమ్మం బయట మనిషిని నిలబెట్టి ఉంచడం నేను నేర్చుకోలేదు. పదకొండేళ్ళుగా ఈ గుమ్మంలో ఆమెని చూసినప్పుడల్లా రావే అన్నాను, రా శ్రీవల్లీ అన్నాను.

"లోపలికి రండి" అన్నాను.

వెనకాల వంటింట్లోంచి మాస్టారు లేచి వచ్చి, నా కాలి పక్కన నిలబడ్డారు.

శ్రీవల్లి రాలేదు. గుమ్మం అవతలే నిలబడి ఆ మాటని విన్నది. తర్వాత మెట్లు దిగి వెళ్ళిపోయింది.